కంప్యూటరుకు విశ్రాంతి అవసరమా?

సాయంకాలము తరగతులు ముగిసిన పిదప ప్రయోగశాలలోని కంప్యూటర్లను ఆపివేయవలెనా, రాత్రియంతయు నడువనీయవలెనా అను ప్రశ్న విద్యార్థుల నడుమ తరచు తలెత్తుచుండును. మాటిమాటికి ఆపి నడిపినచో యంత్రము చెడునని కొందరు, ఊరక నడిపినచో కరెంటు వృథాయని కొందరు వాదింతురు.

మొదటి వాదమునకు పాత కారణమొకటి గలదు. 1946లో అమెరికాలో ప్రదర్శింపబడిన ఎనియాక్ కంప్యూటరులో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండెను. అవి వేడెక్కునపుడును, చల్లారునపుడును ఎక్కువగా చెడుచుండుటచే దానిని ఆపకుండ నడిపెడివారు. 1967లో హైదరాబాదున ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1970 దశకములో టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లను తయారు చేయునాటికే ట్యూబుల కాలము గడచినది. కారణము పోయినను మాట నిలిచినది.

నేటి యంత్రమునకు దినమునకు ఒకటి రెండు మార్లు ఆగి నడచుట భారము కాదు. హార్డ్ డిస్కులు సైతము వేలకొలది మార్లు ఆగి నడచుటకు తగినట్లు నిర్మింపబడినవి. ఎస్.ఎస్.డి.లలో తిరుగు భాగమే లేదు. ఎల్లవేళల తిరుగు ఫ్యాను మాత్రము ధూళిని లోనికి లాగుచు, తానును అరుగును.

ఇక ఖర్చు చూడుడు. పనిలేక నడచు యంత్రము తెరతో కలిపి 60 వాట్లు వాడుననుకొందము. అట్టివి 30 యంత్రములు సాయంకాలము 5 నుండి ఉదయము 9 వరకు నడచినచో రాత్రికి 28.8 యూనిట్లు, 300 రాత్రులకు 8,640 యూనిట్లు. యూనిటు 8 రూపాయలనుకొన్నను 69,120 రూపాయలు! ఆ సొమ్ము గ్రంథాలయమునకు ఎన్ని పుస్తకములు తేగలదో ఆలోచింపుడు.

అంతేకాక మన రాజేంద్రనగర్‌లో ఏప్రిల్, మే మాసముల సాయంకాలములందు ఉరుములతో గాలివానలు వచ్చును. కరెంటు పోయి, ఒక్కసారిగా తిరిగి వచ్చును. గోడ సాకెట్టు నుండి ప్లగ్గు తీసిన యంత్రమునకు ఆ మార్గమున ముప్పు రాదు.

అయితే అన్నిటిని ఆపరాదు. సర్వరు, నిఘా కెమెరాల రికార్డరు వంటివి నడువవలసినదే. స్వల్ప విరామములకు స్లీప్ స్థితి చాలును. ఆపునపుడు మొదట షట్‌డౌన్ చేసి, తెర పూర్తిగా ఆరిన పిమ్మటనే గోడ స్విచ్చి కట్టవలెను. సరాసరి స్విచ్చి కట్టినచో వ్రాయబడుచున్న ఫైళ్లు చెడవచ్చును.

కనుక ప్రతి దినము కడపటి తరగతి విద్యార్థులలో ఒకరికి ఈ బాధ్యత అప్పగింపవలసినదిగ కళాశాల కమిటీ వారికి మా మనవి. ఐదు నిమిషముల శ్రద్ధయే ఇందుకు వలసిన పెట్టుబడి.