మీకు తెలుసా? పల్లిగింజను మూరెడు లేపే శక్తితో మూడు పవర్‌హౌస్‌లను మించిన మెరుపు

• జూరాల పవర్‌హౌస్ సామర్థ్యం 234 మెగావాట్లు. ఆత్మకూరు దగ్గరి దిగువ జూరాలది 240. దోమలపెంట దగ్గర కొండ కడుపులో ఉన్న శ్రీశైలం ఎడమగట్టు కేంద్రానిది 900. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు తలా ఒకటి. కృష్ణమ్మ నిండుగా పారి మూడూ పూర్తిగా తిరిగితే 1,374 మెగావాట్లు. హైదరాబాద్ గోపన్‌పల్లిలోని టాటా పరిశోధన సంస్థలో బల్లమీద పట్టే ఒక లేజర్ ఉంది. దాని ఒక్క మెరుపు సత్తా దాదాపు 80,000 మెగావాట్లు, అంటే 58 రెట్లు!

• కరెంటు కష్టాలు తీరినట్టేనని ఆశపడకండి. ఆ మెరుపు ఉండేది 25 ఫెమ్టోసెకన్లే. సెకనును 40 లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. దానిలోని శక్తి 2 మిల్లీజూళ్లు. అరగ్రాము పల్లిగింజను మూరెడు ఎత్తు లేపితే సరిపోయింది. సెకనుకు వెయ్యి మెరుపులు వచ్చినా సగటున 2 వాట్లు. పాతకాలపు జీరో బల్బు కూడా వెలగదు.

• మరి ఈ మెరుపు దేనికి? ఎలక్ట్రాన్లను పరుగెత్తించడానికి. అదే పని చేసే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యంత్రం పొడవు 3.2 కిలోమీటర్లు. అంత పొడవెందుకంటే, విద్యుత్ క్షేత్రం ఒక హద్దు దాటితే యంత్రంలోని లోహం నిప్పురవ్వలు కక్కుతుంది. ప్లాస్మాకు ఆ భయం లేదు. అందులో పరమాణువులు ముందే చితికి ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయి ఉంటాయి, కొత్తగా చెడేదేమీ లేదు. లేజర్ అందులో దూసుకెళ్తూ ఎలక్ట్రాన్లను పక్కకు నెడుతుంది, బరువైన అయాన్లు కదలవు. ఆ ఎడబాటు నుంచి పుట్టే తరంగం మీద కొన్ని ఎలక్ట్రాన్లు వేగం అందుకుంటాయి. 1979లో శాస్త్రవేత్తలు తజిమా, డాసన్ ఈ మాట చెప్పారు. అప్పటికి తగిన లేజర్ లేదు. అలాంటి లేజర్‌కు దారి చూపిన 1985 నాటి పద్ధతికి మూరూ, డోనా స్ట్రిక్‌లాండ్‌లకు 2018లో నోబెల్ దక్కింది. 2019లో బర్క్‌లీలో 20 సెంటీమీటర్లలోనే 780 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు సాధించారు.

• గోపన్‌పల్లి వాళ్లు వాడింది అంత పెద్ద లేజర్ కాదు. ఉన్నదాంతోనే తెలివి చూపారు. 15 మైక్రాన్ల మిథనాల్ చుక్కలను వరుసగా వదులుతారు. ముందుగా ఒక చిన్న మెరుపు చుక్కకు గుంట పెడుతుంది. కొన్ని నానోసెకన్లకు అసలు మెరుపు ఆ గుంటలో పడుతుంది. అక్కడి ప్లాస్మాలో కాంతి రెండు తరంగాలుగా చీలి, ఎలక్ట్రాన్లను రెండు ధారలుగా విసురుతుంది. మామూలుగా కావలసిన తీవ్రతలో నూరో వంతుతోనే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి! ఈ ఫలితం 2024లో ‘కమ్యూనికేషన్స్ ఫిజిక్స్’లో అచ్చయింది. నాకు బాగా నచ్చింది చుక్కను ఎంచుకోవడం. లోహపు రేకైతే ప్రతి దెబ్బకూ చిల్లుపడి జరపాల్సి వస్తుంది. చుక్క పోతే వెనకే ఇంకో చుక్క.

• మన ఇంటి సాకెట్ 230 వోల్టులు. పది లక్షల వోల్టులు తోసిన ఎలక్ట్రాన్ కాంతివేగంలో సుమారు 94 శాతం అందుకుంటుంది.

• పాలమూరు నుంచి ఎందరో క్యాన్సర్ చికిత్సకు వెళ్లే హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రిలోని రేడియేషన్ యంత్రాలూ ఎలక్ట్రాన్లను పరుగెత్తించేవే. అక్కడ తోసేది లేజర్ కాదు, మైక్రోవేవ్. చికిత్సకు సాధారణంగా 60 లక్షల వోల్టులు, అంతకు పైన కావాలి. కాబట్టి మిథనాల్ చుక్క ఇప్పట్లో ఆసుపత్రి మెట్లెక్కదు. సూక్ష్మమైన వస్తువులను ఎక్స్‌రే తీయడానికైతే పనికొస్తుంది.