గుంత పూడిస్తే బిల్లు, రోడ్డు నిలిస్తే?

సికింద్రాబాద్ రోడ్ల మాటెత్తగానే వినిపించే ఫిర్యాదు ఒకటుంది: ఈ ఊరికి యజమానులు ఎక్కువ. ప్యారడైజ్ చౌరస్తా నుంచి రాజీవ్ రహదారి మీద కార్ఖానా, తిరుమలగిరి దాటి అల్వాల్ చేరేలోపే నగరపాలక సంస్థ ప్రాంతం నుంచి కంటోన్మెంట్‌లోకి వెళ్లి, మళ్లీ నగరపాలక సంస్థ ప్రాంతంలోకి వస్తాం. కంటోన్మెంట్ బోర్డు రక్షణ శాఖ కింద, 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రకారం నడుస్తుంది. సైన్యం సొంత స్థలాల్లోని దారుల లెక్క వేరు. ఇంతమంది మధ్య బాధ్యత జారిపోతుందన్నది నిజమే. అయితే హద్దుకు ఇవతలా గుంతలే, అవతలా గుంతలే. కాబట్టి అసలు లోపం మరమ్మతుకు డబ్బు చెల్లించే పద్ధతిలో ఉందని నా వాదన.

తారుకు నీళ్లంటే పడదు. పైపొరలో సన్నని పగులు పడితే వాననీరు అందులోంచి దిగి, కంకరను పట్టి ఉంచే తారును ఊడదీస్తుంది. అడుగు పొర మెత్తబడుతుంది. పైన బస్సులు, లారీలు తిరిగేకొద్దీ కంకర లేచిపోయి గుంత పడుతుంది. ఆ గుంత అంచులు చతురస్రంగా కోసి, దుమ్ము, తడి తీసి, తారు పూసి, వేడి మిశ్రమం పోసి రోలర్‌తో గట్టిగా తొక్కిస్తే ప్యాచ్ నిలుస్తుంది. తడి గుంతలో మిశ్రమం కుమ్మరించి పారతో కొట్టి పోతే మరో రెండు వానలకే లేచిపోతుంది. ఇంతకంటే చవకైన పని వానలకు ముందే ఉంది: పగుళ్లు మూయడం, రోడ్డు పక్క కాలువలో పూడిక తీయడం. కానీ మామూలు టెండర్‌లో బిల్లు వచ్చేది పరిచిన చదరపు మీటర్లకు, పోసిన ఘనపు మీటర్లకు. పడకుండా ఆపిన గుంతకు పైసా రాదు. గుంతలు పెరిగితే కాంట్రాక్టరుకు పని పెరుగుతుంది, ఎన్ని పూడ్చారన్న లెక్క ఆఫీసు నివేదికలో ఘనంగా కనిపిస్తుంది. ఇందులో ఎవరూ దొంగ కానక్కర్లేదు. పద్ధతే అలా ఉంది.

2020 ప్రాంతంలో హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ ఇందుకు భిన్నమైన ప్రయోగం చేసింది. సమగ్ర రహదారి నిర్వహణ కార్యక్రమం పేరుతో 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఏడు ప్యాకేజీలుగా ఏజెన్సీలకు ఐదేళ్లకు అప్పగించింది. కొత్త పొర పరచడం, గుంతలు పూడ్చడం, ఫుట్‌పాత్‌లు చూడటం, ఊడ్చడం, పైపుల కోసం ఎవరైనా తవ్వితే తిరిగి సరిచేయడం, అన్నీ ఒకరి పనే. ఈ ఏర్పాటులో రోడ్డు పాడైతే నష్టం పరిచినవాడిదే కనుక జాగ్రత్త కూడా అతనే పడాలి. నాకు నచ్చిన సంగతి అదే.

ఖర్చు ఎక్కువ కదా అనొచ్చు. అంచనా దాదాపు 1,800 కోట్లు, అంటే కిలోమీటరుకు ఏడాదికి 50 లక్షల పైచిలుకు. తక్కువేం కాదు. కానీ అందులో పొరలు, ఊడ్పు, పచ్చదనం అన్నీ కలిసి ఉన్నాయి. ఏటా విడివిడిగా పెట్టే ఖర్చులన్నీ కూడితేనే సరైన పోలిక. ఆఖరి ఏడాది ఏజెన్సీ చేతులెత్తేస్తుందన్న అనుమానంలో మరింత బలముంది. అప్పగించే రోజున రోడ్డు నునుపు కొలిచి, అది సరిగ్గా ఉంటేనే చివరి వాయిదా ఇవ్వాలి. ఇక అప్పట్లో నగరంలో రోడ్లు సుమారు 9,000 కిలోమీటర్లు. ఈ పథకం తాకింది ఎనిమిది శాతం లోపే. మిగిలినవాటిలో ఎక్కువ గల్లీలే. అక్కడ పెద్ద కంపెనీలు అక్కర్లేదు, వార్డుకొక చిన్న కాంట్రాక్టరుకు ఇదే షరతు పెట్టొచ్చు. సీసీ గల్లీలకు వానకంటే తవ్వకాలే పెద్ద బెడద. జలమండలి పైపులు పడకముందే కాంక్రీటు పోయకుండా చూస్తే సగం గొడవ తీరుతుంది.

కంటోన్మెంట్ పౌర ప్రాంతాలను నగరంలో కలిపేస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో న్యాయముంది. కేంద్రం ఆస్తులపై ఆస్తిపన్ను పడదు, బదులుగా వచ్చే సర్వీసు ఛార్జీలు ఆలస్యమైతే బోర్డు పనులు ఆగుతాయి. హిమాచల్‌లోని యోల్ కంటోన్మెంట్‌ను 2023లోనే రద్దు చేశారు. అయితే విలీనాలు ఇక్కడ కొత్తేం కాదు. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్ హైదరాబాద్‌లో కలిసింది, 2007లో చుట్టుపక్కల పురపాలికలు కలిసి జీహెచ్ఎంసీ అయింది. సంస్థ పెద్దదైనా టెండర్ పాతదే అయితే గుంతలూ పాతవే. రోడ్లు చేతులు మారేముందు ఒక్కోదాని పొర మందం, పక్క కాలువ, కల్వర్టు ఏ స్థితిలో ఉన్నాయో రెండు పక్షాల ఇంజనీర్లు కలిసి కొలిచి సంతకాలు చేయాలి. ముందుగా కొలవాల్సినవి కంటోన్మెంట్ వైపు నుంచి వచ్చి హుస్సేన్ సాగర్‌లో కలిసే పికెట్ నాలా పక్క రోడ్లు.