డ్రామాల చదువా అని కొట్టిపారేయకండి

సెలవు రోజున మన క్యాంపుల్లో ఇంటి ఫోన్లు మొదలయ్యాయంటే పక్క మంచం వాళ్ళకు కూడా అన్నీ వినబడతాయి. అప్పుల సంగతి, పొలం సంగతి, అమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతి మామూలే. ఈమధ్య ఇంకో మాట కూడా చెవిన పడుతోంది. ‘నాన్నా, డిగ్రీ అయ్యాక నేను థియేటర్ కోర్సులో చేరతా’ అని ఒక కొడుకు అంటాడు. ‘జర్నలిజం చదువుతా’ అని ఒక కూతురు అంటుంది. ఇవతలి నుంచి వచ్చే జవాబు మాత్రం ఒక్కటే. ‘నేనిక్కడ ఎండలో మాడి పంపేది నువ్వు డ్రామాలాడటానికా?’

ఆ తండ్రి కోపంలో న్యాయం లేదని మేము అనం. టైంషీట్లు రాసేది మేమే కాబట్టి ఎవరు ఎన్ని గంటలు ఓవర్‌టైం చేసి ఎంత పంపుతున్నారో మాకు తెలుసు. అయితే కాదనే ముందు ఆ చదువు ఏమిటో, ఎక్కడుందో, ఎంత ఖర్చవుతుందో, చివరికి తిండి పెడుతుందో లేదో తెలుసుకోవాలి కదా. మాకు తెలిసినంతవరకు ఈ వారం అదే రాస్తున్నాం.

మన రక్తంలో ఉన్న విద్యే

నాటకం మనకు ఎక్కడి నుంచో వచ్చింది కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కీచకవధ ఆడించారు. ఆ కుటుంబాలు ఆ ఊరి పేరునే తమ పేరుగా చేసుకుని తరతరాలుగా నాటకం మీదే బతికాయి. ఆడ వేషాలు మగవాళ్ళు కట్టే రోజుల్లోనే సురభి ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథనూ నాటకాన్నీ కూలీల దగ్గరికి, రైతుల దగ్గరికి తీసుకుపోయింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం ఆ కాలంలోదే. బుర్రకథ చెప్పి ఊళ్ళకు ఊళ్ళనే కదిలించిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన అన్నలకు ఒగ్గు కథ, చిందు భాగోతం గురించి మేము చెప్పనక్కరలేదు. మల్లన్న కథ రాత్రంతా కూర్చుని విన్నవాళ్ళు ప్రతి రూములోనూ ఉన్నారు. యూనివర్సిటీల్లో నాటకం చదివే పిల్లలు ఇప్పుడు ఈ కళలనే పాఠాలుగా చదువుతున్నారు. మన ఊరి ఒగ్గు డోలు దెబ్బ మీద పెద్ద చదువుల వాళ్ళు పరిశోధనలు రాసి డాక్టరేట్లు తీసుకుంటున్నారు.

ఎక్కడ చదవాలి

ముందుగా చెప్పుకోవాల్సింది గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. 1974లో ఆ యూనివర్సిటీ మొదలైంది అబిడ్స్ దగ్గర సరోజినీ నాయుడు కుటుంబం ఉన్న గోల్డెన్ థ్రెషోల్డ్ అనే ఇంట్లో. 1988లో ఆమె పేరుతోనే కళలకు, కమ్యూనికేషన్‌కు ఒక స్కూల్ పెట్టారు. అందులో నాటకానికి ఒక విభాగం, పత్రికలు టీవీ రేడియో చదువుకు ఇంకో విభాగం ఉన్నాయి. డిగ్రీ అయినవాళ్ళు రెండేళ్ళ పీజీ చేయవచ్చు. సర్కారు యూనివర్సిటీ కాబట్టి ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ. హాస్టల్ ఉంది, రిజర్వేషన్లు ఉన్నాయి.

హైదరాబాద్‌లోనే తెలుగు యూనివర్సిటీ ఉంది. 1985లో తెలుగు యూనివర్సిటీగానే పెట్టి, తరవాత పొట్టి శ్రీరాములు పేరు ఇచ్చినదానికి తెలంగాణ ప్రభుత్వం 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. అక్కడ రంగస్థల కళలు తెలుగులోనే చదవవచ్చు. ఇంగ్లీషు భయం ఉన్న పిల్లలకు ఇది బాగుంటుంది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్ళకు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, అక్కడ కూడా థియేటర్ విభాగం ఉంది. జర్నలిజానికైతే ఉస్మానియాలో 1954 నుంచి విభాగం ఉంది. ఆడపిల్లను దూరం పంపడానికి జంకే రాయలసీమ అన్నలు తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీ గురించి అడగండి. అక్కడ కూడా జర్నలిజం చెబుతారు.

అన్నిటికన్నా పెద్దది ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా. 1959లో పెట్టారు. మూడేళ్ళ కోర్సు. ఎంపికైన వాళ్ళకు నెలనెలా స్టైపెండు ఇస్తారు, అంటే చదువుకునే పిల్లలకు ఎదురు డబ్బు ఇచ్చి నేర్పుతారన్నమాట. కాని దేశం మొత్తానికి ఉండే సీట్లు కొన్నే. డిగ్రీ ఉండాలి, ఇంతకుముందు కొన్ని నాటకాల్లో పనిచేసి ఉండాలి, హిందీ ఇంగ్లీషు కొంత రావాలి. దక్షిణాది పిల్లల కోసం బెంగళూరులో ఏడాది కోర్సు కూడా నడుపుతున్నారు.

అక్కడ ఏం నేర్పుతారు

నాటకం చదువంటే డైలాగులు బట్టీపట్టడం అనుకుంటాం. మొదట నేర్పేది ఊపిరి. మైకు లేకుండా చివరి వరసకు మాట వినబడాలంటే పొట్టలో నుంచి ఎలా పలకాలో సాధన చేయిస్తారు. పొద్దున్నే కసరత్తు ఉంటుంది. తరవాత నాటకాలు చదవడం, ఒక్కో పాత్ర ఎందుకలా మాట్లాడిందో విప్పి చూడటం. ఇంకోపక్క సెట్టు కట్టడం, లైట్లు బిగించడం, బట్టలు కుట్టడం, మేకప్ వేయడం అన్నీ చేతులతో చేయాలి. వడ్రంగి పని, కరెంటు పని తెలిసిన మన అన్నలు అక్కడికి వెళ్తే స్టేజీ వెనక సగం పని వాళ్ళకు వచ్చినదే.

మీడియా చదువు దారి వేరు. వార్త ఎలా సేకరించాలి, రాసింది నిజమని ఎలా తేల్చుకోవాలి, పరువు నష్టం చట్టం ఏం చెబుతుంది, కెమెరా ఎలా పట్టాలి, తీసినదాన్ని కంప్యూటర్లో ఎలా కత్తిరించి అతకాలి, రేడియోకు ఎలా రాయాలి. ఇవీ పాఠాలు. మన మీద వచ్చే వార్తల్లో ఎన్ని తప్పులుంటాయో మనకు తెలుసు. ఏజెంటు మోసం చేస్తే, శవపేటిక నెలల తరబడి రాకపోతే ఊళ్ళో అడిగి రాసే విలేకరి ఎంత అవసరమో కూడా మనకే బాగా తెలుసు. క్యాంపులో ఉన్న తండ్రి కూతురు విలేకరి అయితే ఆ వార్త ఇంకోలా రాస్తుందని మా నమ్మకం.

తిండి పెడుతుందా

అసలు ప్రశ్న ఇదే. నిజం చెప్పాలంటే నటుడిగా పేరు తెచ్చుకునేది వందమందిలో ఒకరిద్దరు కూడా కాదు. పంకజ్ త్రిపాఠి సంగతి చూడండి. బీహార్లో గోపాల్‌గంజ్ జిల్లా పల్లెటూరి రైతు కొడుకు. పాట్నాలో హోటల్ వంటింట్లో పనిచేస్తూ నాటకాలాడాడు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో 2004లో చదువు ముగించాడు. జనానికి గుర్తుండే వేషం వచ్చింది 2012లో. మధ్యలో ఎనిమిదేళ్ళు చిన్నా చితకా వేషాలు. ఇల్లు నడిచింది భార్య టీచరు జీతం మీద. తరవాత జాతీయ అవార్డు కూడా వచ్చింది, అది వేరే సంగతి. ఆ ఎనిమిదేళ్ళు ఓర్చుకునే శక్తి ఇంటికి ఉందా అన్నది మీరు ఆలోచించాలి.

అయితే నటన ఒక్కటే పని కాదు. లైటింగు, సౌండు, డబ్బింగు, ఎడిటింగు, స్కూళ్ళలో పిల్లలకు నాటకం నేర్పడం, రేడియోలో, టీవీలో కార్యక్రమాలు చేయడం, పెద్ద సభలు పెళ్ళిళ్ళకు స్టేజీలు కట్టించడం, ఇవన్నీ జీతాలున్న పనులు. పీజీ తరవాత నెట్ పరీక్ష పాసైతే కాలేజీ లెక్చరరు ఉద్యోగానికి దారి ఉంటుంది. తెలంగాణలో 2014 తరవాత ప్రభుత్వం సాంస్కృతిక సారథి పెట్టి సుమారు 550 మంది పాటగాళ్ళకు, ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చింది. వాళ్ళలో ఎక్కువమందికి ఉద్యోగం తెచ్చింది డిగ్రీ కాదు, ఉద్యమంలో పాడిన పాట. కళకు సర్కారు జీతం వచ్చిన రోజూ ఉంది, కాని అలాంటి రోజు ఏటా రాదు.

జర్నలిజంలో మొదటి జీతాలు తక్కువ. మండల స్థాయిలో పనిచేసేవాళ్ళకు చాలాచోట్ల నికరమైన జీతమే ఉండదు. పని వేళలకు లెక్క లేదు. ఇది తెలిసి దిగాలి.

మోసాల సంగతి

ఈ చదువు పేరు చెప్పి డబ్బు గుంజేవాళ్ళు హైదరాబాద్ గల్లీల్లో చాలామంది ఉన్నారు. మా క్యాంపులో ఒక స్టీల్ ఫిక్సర్ అన్న కొడుకు మూడు నెలల యాక్టింగ్ కోర్సుకు అరవై వేలు కట్టాడు. సినిమాలో వేషం గ్యారంటీ అన్నారట. చివరికి చేతికొచ్చింది ఒక సర్టిఫికెట్టు, నాలుగు ఫోటోలు. ఆ అరవై వేలు ఇక్కడ ఎన్ని నెలల కష్టమో లెక్కేసుకోండి. అన్ని ప్రైవేటు సంస్థలూ అలాంటివే అని కాదు. కాని ఈ నాలుగూ అడగకుండా పైసా కట్టొద్దు.

ఒకటి, ఇచ్చేది డిగ్రీనా, డిప్లొమానా, ఉత్త కాగితమా? రెండు, ఆ కోర్సుకు ఏ యూనివర్సిటీ గుర్తింపు ఉంది? ఆ యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో ఉందా? మూడు, మధ్యలో మానేస్తే ఫీజు వాపసు ఇస్తారా? కాగితం మీద రాసిస్తారా? నాలుగు, పోయినేడు చదివినవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారు? ఇద్దరి నంబర్లు ఇస్తారా? వేషం గ్యారంటీ అన్నవాణ్ణి మాత్రం నమ్మొద్దు. వీసా గ్యారంటీ అన్న ఏజెంటును నమ్మి వచ్చిన మనకు ఆ మాట విలువ తెలుసు.

దరఖాస్తు ముచ్చట

సెంట్రల్ యూనివర్సిటీల పీజీ సీట్లకు ఇప్పుడు సీయూఈటీ అనే దేశవ్యాప్త పరీక్ష రాయాలి. ఈమధ్య సంవత్సరాల్లో దరఖాస్తులు డిసెంబర్, జనవరి నెలల్లో తీసుకుని మార్చిలో పరీక్ష పెడుతున్నారు. అంటే డిగ్రీ చివరి ఏడాదిలోనే కళ్ళు తెరిచి ఉండాలి. నాటకం కోర్సుకు నటించి చూపించమనడం, ఇంటర్వ్యూ చేయడం మామూలే. బీసీ పిల్లలు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. సెంట్రల్ యూనివర్సిటీకి రాష్ట్రం ఇచ్చే కుల ధ్రువపత్రం చాలదు, కేంద్రం నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్టు కావాలి. మీ కులం కేంద్రం జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఎమ్మార్వో ఆఫీసులో అది చేతికి రావడానికి రోజులు పడుతుంది. అబ్బాయి చివరి వారంలో పరుగెత్తితే సీటు పోయేది ఆ కాగితం దగ్గరే.

వచ్చే ఫోన్‌లో

కొడుకో కూతురో ఈ మాట ఎత్తితే కోపగించుకోకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఇప్పటిదాకా ఎన్ని నాటకాల్లో చేశావు, ఎన్ని వార్తలు రాశావు? ఏ యూనివర్సిటీ, ఏడాదికి మొత్తం ఖర్చెంత, హాస్టల్‌తో కలిపి రాసి పంపు. నటన కుదరకపోతే ఈ చదువుతో ఇంకేం పని చేస్తావు? మొదటిదానికి జవాబు లేకపోతే ఏడాది ఆగమనండి. డిగ్రీ చదువుతూనే కాలేజీలో, ఊళ్ళో ఆడి చూడమనండి, దానికి ఖర్చేమీ కాదు. మూడింటికీ జవాబు ఉంటే ఆ పిల్ల ఆలోచించే అడుగుతోందని అర్థం.

మనలో చాలామందిమి ఏ చదువు చదవాలో ఎవరూ అడగకుండానే ఇక్కడికి వచ్చిపడ్డాం. మేము ఇంటర్ దగ్గరే ఆగాం. మన పిల్లలు ఇది కావాలని నోరు తెరిచి అడుగుతున్నారంటే ఆ ధైర్యం మనం పంపిన డబ్బుతో వచ్చిందే. ఫారాలు నింపడంలో, వెబ్‌సైట్‌లో ఫీజు వివరాలు చూడటంలో సాయం కావాలంటే డ్యూటీ అయ్యాక మీ క్యాంపు ఆఫీసులో మాలాంటి గుమాస్తాను అడగండి. టీ కూడా ఇప్పించక్కరలేదు.