జాక్ డాసన్ అక్కడ లేడు

కెనడా తూర్పు కొసన, మూడొంతుల పైన సముద్రం చుట్టుకున్న రాష్ట్రం నోవాస్కోషియా. చూడవచ్చేవాళ్లు అక్కడికి కెమెరాలతో పాటు కొన్ని నమ్మకాలనూ వెంట తెచ్చుకుంటారు.

అపోహ: టైటానిక్ సినిమా హీరో జాక్ సమాధి హాలిఫాక్స్‌లో ఉంది.

ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానంలో ‘జె. డాసన్’ అని చెక్కిన రాయి ఉన్నమాట నిజమే. దాని నంబరు 227. 1997లో సినిమా వచ్చాక ఆ రాతి దగ్గర పూలు పెట్టి కళ్లొత్తుకున్నవాళ్లు ఎందరో! కింద ఉన్నది మాత్రం జోసెఫ్ డాసన్, ఓడ అడుగున బాయిలర్లకు బొగ్గు చేరవేసిన పనివాడు. బొమ్మలు గీసే జాక్ కల్పిత పాత్ర. అక్కడి 121 టైటానిక్ సమాధుల్లో కొన్నింటి మీద పేరే లేదు, తేదీ, నంబరు తప్ప. బొగ్గుమసిలో బతికినవాడికి పొరపాటునైనా పూలు దక్కడం నాకైతే బాగానే ఉంది.

అపోహ: నోవాస్కోషియాను ఆనుకున్న ఫండీ అఖాతం గరాటులా ఉండబట్టే అక్కడ అంతెత్తు పోటు.

ఆకారం తోడ్పడుతుంది, కిటుకు వేరు. అఖాతంలో నీరు ఒకసారి అటూ ఇటూ ఊగడానికి దాదాపు 13 గంటలు పడుతుంది. సముద్రంలో పోటుకూ పోటుకూ మధ్య వ్యవధి 12 గంటల 25 నిమిషాలు. ఊయల వెనక్కొచ్చిన ప్రతిసారీ అదను చూసి తోసినట్టే! అందుకే బర్న్‌కోట్ హెడ్ దగ్గర ఆటుపోట్ల తేడా 16 మీటర్ల దాకా పోతుంది, అంటే ఐదంతస్తుల మేడంత. నీరు గోడలా లేచి మీద పడుతుందని ఎదురుచూస్తే నిరాశే. తొట్టి నిండినట్టు నిండుతుంది. ఇదే రాష్ట్రంలో, అట్లాంటిక్ వైపున్న హాలిఫాక్స్‌లో తేడా రెండు మీటర్ల చుట్టుపక్కలే.

అపోహ: సేబుల్ దీవి గుర్రాలు మునిగిన ఓడల నుంచి ఈదుకొచ్చాయి.

ఆ ఇసుకదిబ్బ దగ్గర వందలాది ఓడలు దెబ్బతిన్నాయి కాబట్టి కథ అతికింది. గుర్రాలను మాత్రం 18వ శతాబ్దం నడుమ బోస్టన్ వర్తకుడు థామస్ హాంకాక్ పంపించాడు. అవి 1755లో బ్రిటిష్‌వాళ్లు ఇళ్లూవాకిళ్లూ లాక్కుని వెళ్లగొట్టిన అకాడియన్లనే ఫ్రెంచి సంతతి రైతులవని చరిత్రకారుల మాట.

అపోహ: కెనడా కదా, అంతా గడ్డకట్టే ఉంటుంది.

హాలిఫాక్స్ పారిస్‌కన్నా దక్షిణాన ఉంది. నడిచలిలోనూ రేవులో ఓడలు తిరుగుతాయి.

అపోహ: ఎండకాసిన రోజు పెగ్గీస్ కోవ్ తీరపు రాళ్ల మీద ఎక్కడైనా నిలబడొచ్చు.

దూరాన ఎక్కడో రేగిన గాలివాన అలలు ఇక్కడికి ఎండలోనే వచ్చి మనుషుల్ని లాక్కెళ్లాయి. దీపస్తంభం కింద నల్లగా కనిపించే రాయి అలలకు తడిసేది. ఫొటో పొడిగా, తెల్లగా ఉన్న రాయి మీదే.