జడ్జి చదివిన అంకె: శిక్షలు, అప్పీళ్లు, ప్రత్యేక కోర్టులపై అపోహలు – వాస్తవాలు

అపోహ: యావజ్జీవ ఖైదు అంటే పద్నాలుగేళ్లు. జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క కాబట్టి నిజానికి ఏడేళ్లే.

సికింద్రాబాద్ ఇరానీ హోటళ్ల చాయ్ బల్లల దగ్గర ఈ లెక్క ఎంత ధీమాగా వినిపిస్తుందో, చట్టంలో వెతికితే అంత ఖాళీగా కనిపిస్తుంది. చంచల్‌గూడ జైల్లోనైనా చర్లపల్లి జైల్లోనైనా రోజంటే ఇరవై నాలుగు గంటలే. యావజ్జీవం అంటే ఖైదీ ఊపిరి ఉన్నంత కాలం. గాంధీ హత్య కేసులో శిక్ష పడిన గోపాల్ గోడ్సే తనను విడుదల చేయాలని వేసిన కేసులో సుప్రీంకోర్టు 1961లోనే ఈ సంగతి తేల్చేసింది.

మరి పద్నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది? అప్పట్లో ప్రభుత్వాలు శిక్ష తగ్గించి ఖైదీలను తొందరగా వదిలేస్తున్నాయన్న విమర్శ ఉండేది. దాంతో పార్లమెంటు 1978లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 433ఎ సెక్షన్ చేర్చింది. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, కనీసం పద్నాలుగేళ్లు లోపల గడపనిదే విడుదల కుదరదని దాని సారాంశం. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇప్పుడిది 475వ సెక్షన్. చట్టం గడపగా పెట్టిన అంకెను జనం పైకప్పుగా చెప్పుకుంటున్నారన్నమాట. ఇరవై ఏళ్లన్న మరో అంకె కూడా తిరుగుతుంటుంది. ‘యావజ్జీవంలో సగం’ లాంటి శిక్ష వేయాల్సి వచ్చినప్పుడు భాగహారం కోసం యావజ్జీవాన్ని ఇరవై ఏళ్లుగా లెక్కపెట్టమంది చట్టం. అంతకు మించి ఆ అంకెకు పనిలేదు.

పద్నాలుగేళ్లు నిండాక కూడా జైలు తలుపు దానంతటది తెరుచుకోదు. ఖైదీకి దక్కేది తన విషయం పరిశీలించమని అడిగే హక్కు. విడుదల చేయాలా వద్దా అన్నది ప్రభుత్వం తేల్చాలి. 2024 జులైలో తెలంగాణలో 213 మంది ఖైదీలు బయటికొచ్చింది ఇలాంటి ప్రత్యేక నిర్ణయంతోనే. ప్రభుత్వం ఇష్టం వచ్చినట్టు వదిలేయవచ్చనుకోవడమూ పొరపాటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక రాజకీయ నాయకుడికి గవర్నరు మిగతా శిక్ష మాఫీ చేస్తే, ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఆ ఉత్తర్వును కొట్టేసింది. క్షమాభిక్షకు పార్టీ సేవ కారణం కాజాలదని తేల్చింది. ఇక 2008లో స్వామి శ్రద్ధానంద కేసు తర్వాత, ఇన్నేళ్ల దాకా తగ్గింపు వర్తించదని, లేదా ప్రాణమున్నంత వరకూ వర్తించదని తీర్పులోనే రాసే అధికారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వచ్చింది. 2015లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది.

అపోహ: సెషన్స్ జడ్జి ఉరిశిక్ష వేస్తే ఇక ఉరే, దోషి అప్పీలు వేసుకుంటేనే హైకోర్టు కలగజేసుకుంటుంది.

ముషీరాబాద్‌లో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్న స్థలం ఒకప్పుడు సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీ కాలంలో, 1975 డిసెంబరు 1న, ఆదిలాబాద్ జిల్లా రైతాంగ పోరాటంలో పాల్గొన్న భూమయ్య, కిష్టాగౌడ్‌లను అక్కడే ఉరితీశారు. ఇలాంటి జ్ఞాపకాల వల్ల కాబోలు, ఉరి తీర్పుకూ ఉరికంబానికీ మధ్య దూరం తక్కువేనని ఇక్కడివారికి అనిపిస్తుంది. చట్టం ప్రకారం ఆ దూరం చాలానే ఉంది. దోషి అప్పీలు వేసినా వేయకపోయినా, సెషన్స్ కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టుకు పంపాల్సిందే. కనీసం ఇద్దరు జడ్జీలు కేసంతా మళ్లీ చదివి ధ్రువీకరిస్తే తప్ప అది అమలు కాదు.

2019 జూన్‌లో వరంగల్‌లో పసిపాపపై జరిగిన అఘాయిత్యం కేసులో ఆగస్టు 8కే ఉరిశిక్ష పడింది. రెండు నెలలు కూడా నిండకుండా తీర్పు వచ్చిందని రాష్ట్రమంతా మెచ్చుకుంది. నవంబరులో హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసు మరో కొస. పేలుళ్లు 2013 ఫిబ్రవరి 21న జరిగాయి. ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ధ్రువీకరించింది 2025 ఏప్రిల్ 8న. నడుమ ఎనిమిదేళ్లకు పైగా గడిచాయి.

హైకోర్టు తర్వాత సుప్రీంకోర్టు, అటుపైన రాష్ట్రపతి. అక్కడ ఒకసారి కాదంటే కథ ముగిసినట్టేనన్నది ఇంకో నమ్మకం. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది చనిపోయిన కేసులో చలపతిరావు, విజయవర్ధనరావులకు పడిన ఉరిని సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మొదటి క్షమాభిక్ష వినతి తిరస్కరణకు గురైంది. పౌరహక్కుల సంఘాలు, రచయితలు పట్టువదలకుండా మళ్లీ అర్జీ పెట్టించాక, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

తీర్పు చెప్పేటప్పుడు జడ్జి బల్ల మీద సుత్తితో కొట్టడం మాత్రం సినిమా వాళ్ల సృష్టి. మన కోర్టుల్లో సుత్తీ లేదు, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తర్వాత జ్యూరీ కూడా లేదు. జ్యూరీ రాజ్యమేలేది అమెరికాలో. 2012లో పెన్సిల్వేనియాలో ఒక పసిపాపను, ఆమె నానమ్మను చంపిన కేసులో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి 2014లో మరణశిక్ష విధించింది జ్యూరీయే. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో దాన్ని సమర్థించింది. ఉరికి తేదీ పడిందని 2018లో తెలుగు పత్రికల్లో వార్తలొచ్చాయి. కానీ అక్కడి గవర్నరు 2015 నుంచే మరణశిక్షల అమలును నిలిపేశారు. పెన్సిల్వేనియాలో చివరిసారి మరణశిక్ష అమలైంది 1999లో. పైగా ఆ రాష్ట్రం వాడేది విషపు ఇంజెక్షనే గాని ఉరితాడు కాదు.

అపోహ: సత్యం కేసు అమెరికాలో జరిగి ఉంటే నూటయాభై ఏళ్లు పడేవి, ఇక్కడ ఏడేళ్లు వేసి, నెల తిరిగేసరికి రద్దు చేశారు.

సికింద్రాబాద్ ఎస్.పి. రోడ్డులోని మేఫెయిర్ సెంటర్ చిరునామాతో రిజిస్టరైన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ లెక్కల్లోని మోసాన్ని దాని చైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న ఒక లేఖలో బయటపెట్టారు. అమెరికాలో బెర్నీ మేడాఫ్ మోసం బయటపడి అప్పటికి నెల కూడా కాలేదు. మేడాఫ్‌కు 2009 జూన్‌కల్లా నూటయాభై ఏళ్ల శిక్ష పడింది. సత్యం తీర్పు 2015 ఏప్రిల్ 9 దాకా రాలేదు. పోలిక అక్కడి నుంచే మొదలైంది.

అయితే మేడాఫ్ కేసులో అసలు విచారణే జరగలేదు. ఆయన మార్చిలోనే కోర్టులో నేరం ఒప్పుకున్నారు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో శిక్షలు పడే కేసుల్లో నూటికి తొంభైకి పైగా ఇలా ఒప్పుకోలుతో ముగిసేవే. సత్యం నిందితులు కోర్టులో అభియోగాలను కాదన్నారు. లేఖ రాయడం వేరు, కోర్టులో నేరం అంగీకరించడం వేరు. దాంతో రెండు వందలకు పైగా సాక్షులను, మూడు వేలకు పైగా పత్రాలను జల్లెడ పట్టాల్సి వచ్చింది. నూటయాభై అన్న అంకె రహస్యమూ చిన్నదే: ఒక్కో నేరానికి పడిన శిక్షలు ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాలని అక్కడి జడ్జి అన్నారు. ఇక్కడ అన్నీ ఏకకాలంలో సాగుతాయని అన్నారు. రెండు పద్ధతులకూ రెండు దేశాల చట్టాల్లో చోటుంది. పైగా సత్యం కేసు నడిచింది మేజిస్ట్రేట్ స్థాయి ప్రత్యేక కోర్టులో. చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు స్థాయికి ఒక్కో నేరానికి చట్టం ఇచ్చిన గరిష్ఠ అధికారమే ఏడేళ్లు. అంటే రామలింగరాజుకు పడింది ఒక నేరానికి ఆ కోర్టు వేయగలిగినంత పెద్ద శిక్షే. అది తక్కువనుకునేవారు తప్పు పట్టాల్సింది జడ్జిని ఒక్కరినే కాదు, కేసును ఆ మెట్టు మీద నిలబెట్టిన చట్టాన్ని కూడా.

‘రద్దు’ మాటకొస్తే, 2015 మే 11న మెట్రోపాలిటన్ సెషన్స్ కోర్టు చేసింది శిక్ష అమలును నిలిపి బెయిలివ్వడం. దోషి అన్న నిర్ణయం అలాగే ఉంది. అప్పీలు తేలేసరికి శిక్షాకాలం జైల్లోనే గడిచిపోతే ఆ అప్పీలుకు అర్థం ఉండదు. అందుకే చట్టం ఈ వీలు పెట్టింది. విచారణ ఖైదీగా గడిపిన కాలాన్నీ శిక్షలోంచి తీసేస్తారు. రామలింగరాజు విషయంలో అది రెండున్నరేళ్లకు పైమాటే. శిక్ష ఆగినంత మాత్రాన దోషి ముద్ర ఆగదు. రెండేళ్లు, ఆపైన శిక్ష పడిన ఎమ్మెల్యే పదవి ఆ రోజే పోతుందని 2013 లిలీ థామస్ తీర్పు చెప్పాక, నాయకుల వకీళ్లు శిక్షతో పాటు దోష నిర్ధారణ మీద కూడా స్టే అడుగుతున్నది అందుకే.

అమెరికాలో ఒక నేరానికి రెండు కోర్టులు శిక్ష వేయడం కూడా మనవారిని తికమక పెడుతుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో హైదరాబాద్ ఇంజినీరును కాల్చి చంపిన వ్యక్తికి, 2018 మేలో రాష్ట్ర కోర్టు యాభై ఏళ్ల దాకా పెరోల్ లేని యావజ్జీవం వేసింది. ఆగస్టులో ఫెడరల్ కోర్టు విద్వేష నేరం కింద మళ్లీ యావజ్జీవం వేసింది. అక్కడ రాష్ట్రం, కేంద్రం వేర్వేరు ప్రభుతలు. ఎవరి చట్టం వారిది, ఎవరి జైలు వారిది.

అపోహ: అప్పీలంటే మళ్లీ మొదటి నుంచి విచారణ.

సాక్షులు మళ్లీ బోనెక్కరు. కింది కోర్టు రికార్డునే పై కోర్టు చదువుతుంది. కొత్త సాక్ష్యం తీసుకోవడం అరుదు. దోషి తానే వేసుకున్న అప్పీలులో శిక్ష పెంచకూడదు. పెంచాలంటే అవతలి పక్షం అప్పీలు వేయాలి, లేదా హైకోర్టు నోటీసిచ్చి దోషి వాదన వినాలి. గడువు కూడా చిన్నదే: హైకోర్టుకు అరవై రోజులు, సెషన్స్ కోర్టుకు ముప్పై. నిర్దోషి అని తేలినా ఇక్కడ ప్రభుత్వం అప్పీలు చేయవచ్చు. అమెరికాలో అది కుదరదు. జ్యూరీ నిర్దోషి అన్నాక ప్రాసిక్యూటరు నోరు కట్టేసినట్టే. సుప్రీంకోర్టు ప్రతి కేసూ వింటుందన్న నమ్మకం రెండు దేశాల్లోనూ తప్పే.

రికార్డు చదవడమే కదా అని తీసిపారేయడానికి లేదు. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలో ఒక హాస్టల్లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో సత్యంబాబును మహిళా సెషన్స్ కోర్టు 2010లో దోషిగా తేల్చింది. అదే రికార్డు చదివిన హైకోర్టు 2017 మార్చి 31న నిర్దోషి అంది. లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి అతని జీవితంలో ఎనిమిదేళ్లు జైల్లో కరిగిపోయాయి.

ప్రత్యేక కోర్టంటే వేగమూ, శిక్ష ఖాయమూ అనుకునేవారికి చుండూరు తారీఖులు చాలు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టారు. తీర్పు వచ్చింది 2007 జులై 31న: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ప్రత్యేక కోర్టులో మారేది వేదిక, పద్ధతి. పోక్సో కేసులో పిల్లలకు నిందితుడు కనిపించకుండా సాక్ష్యం తీసుకోవడం లాంటివి ఆ కోవకు వస్తాయి. నేరం రుజువు కావాల్సిన కొలబద్ద అన్ని కోర్టుల్లో దాదాపు ఒకటే.

కంటోన్మెంట్ చుట్టుపక్కల, తిరుమలగిరి నుంచి బొల్లారం దాకా, ఇంకో మాట గట్టిగా నాటుకుపోయింది: జవాను ఏం చేసినా కోర్టు మార్షలే, పోలీసులకు పనిలేదు. యుద్ధ విధుల్లోనో, విదేశంలోనో, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన సరిహద్దు పోస్టులోనో ఉంటే తప్ప, సైనికుడు పౌరుణ్ణి హత్య చేసినా, పౌర మహిళపై అత్యాచారం చేసినా ఆ కేసు మామూలు కోర్టుకే వెళ్లాలని 1950 నాటి ఆర్మీ చట్టం చెబుతుంది. కోర్టు మార్షల్ రకాల్లో చాలావాటి తీర్పు కూడా పై అధికారి ధ్రువీకరిస్తేనే చెల్లుతుంది. కోర్టు మార్షల్ మీద అప్పీలు ఉండదన్న మాట ఒకప్పుడు నిజమే. 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ వచ్చాక అది అపోహ అయింది.

రైల్వే విషయంలోనూ అపోహలున్నాయి. సికింద్రాబాద్ స్టేషన్లో టికెట్ లేకుండా దొరికినవారు టీటీఈకి చార్జీతో పాటు కట్టే అదనపు మొత్తం, కనీసం 250 రూపాయలు, నేరానికి శిక్ష కాదు. కట్టనన్నప్పుడో, మోసం చేయాలని ఎక్కినట్టు తేలినప్పుడో రైల్వే మేజిస్ట్రేటు దగ్గరికి వ్యవహారం వెళ్తుంది. రైలు ప్రమాద పరిహారం కోసం ఇక్కడున్న రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ వేరు. అది ఎవరికీ జైలు శిక్ష వేయదు.

డ్రంకెన్ డ్రైవ్ కేసుల్లో అపోహ మరీ ఎక్కువ. కొత్త చట్టంలో సమాజ సేవ వచ్చింది కాబట్టి జైలు ఉండదంటారు. భారతీయ న్యాయ సంహిత ఆ శిక్షను ఆరు నేరాలకే పెట్టింది. అందులో ఉన్నది తాగి నలుగురిలో అల్లరి చేయడం, తాగి బండి నడపడం కాదు. తాగి నడిపితే మోటారు వాహనాల చట్టం ప్రకారం తొలిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇలాంటి కేసుల్లో చాలామంది తొందరగా తేలిపోతుందని నేరం ఒప్పేసుకుంటారు. అలా ఒప్పుకున్నాక తాగలేదని అప్పీలు చేయడం కుదరదు. శిక్ష ఎక్కువైందా, చట్టానికి లోబడే ఉందా అన్న రెండు ప్రశ్నలకే సెషన్స్ కోర్టు తలుపు తెరుచుకుంటుంది.