చిప్పుల నడుమ కాంతిమార్గము

బెంగుళూరు పాత పేటలలో కాటన్‌పేట యొకటి. కన్నడమున దీనిని అరళెపేట యందురు. అరళె యనగా దూది. నగరపు ప్రధాన రైలు స్టేషను దీనికి చేరువనే యున్నది. దూరప్రాంతముల సరకు రైలుమీద వందల మైళ్లు సులభముగా వచ్చును. కాని స్టేషను దాటి యిరుకు వీథిలోని అంగడి చేరుటకు తోపుడుబండ్లు, మూటలు మోయువారు కావలెను. కడపటి ఫర్లాంగే కష్టతరము. నేటి కంప్యూటర్లకు కలిగిన చిక్కును ఇట్టిదే.

శుద్ధమైన గాజు తంతువుల ద్వారా కాంతిసంకేతములను దూరమునకు పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో, జార్జి హాకమ్ ప్రతిపాదించిరి. నేడు ఖండాంతర వార్తలు సముద్రగర్భమున అట్టి తంతువులలోనే సాగుచున్నవి. కాని కంప్యూటరును చేరగనే కాంతి విద్యుత్తుగా మారి, చిప్పునుండి చిప్పునకు రాగి తీగలలో నడచుచున్నది.

రాగి తీగలో సంకేతము పంపుటకు తీగను విద్యుత్తుతో నింపుచు, ఖాళీచేయుచు నుండవలెను. తీగ పొడవైనకొలది వ్యయము హెచ్చును. వేగము పెరిగినకొలది ప్రవాహము తీగ పైపొరకే పరిమితమై సంకేతము క్షీణించును. దానిని సరిదిద్దుటకు మరికొంత విద్యుత్తు కావలెను. అదంతయు తుదకు వేడియగును. కృత్రిమ మేధ కొరకు వేలకొలది చిప్పులు కలసి యొకే గణనము చేయు ఈ కాలమున ఇది స్వల్పనష్టము కాదు.

చిప్పుల నడుమ కాంతినే వాడుటనుగూర్చి జోసెఫ్ గుడ్‌మన్, ఆయన సహచరులు 1984లో వివరముగా వ్రాసిరి. పద్ధతి యిది: లేజరు నిలుకడయైన కాంతినిచ్చును, చిప్పుపై నున్న ద్వారమువంటి సాధనము విద్యుత్సంకేతము ననుసరించి ఆ కాంతిని విడుచుచు, ఆపుచు నుండును, ఆవలి చిప్పులో జెర్మేనియం గ్రాహకము దానిని మరల విద్యుత్తుగా మార్చును. వేర్వేరు వర్ణముల కాంతులు ఒకే తంతువులో కలగలియక పోగలవు. 2015లో అమెరికా పరిశోధకులు ఏడు కోట్లకు మించిన ట్రాన్సిస్టర్లును, 850 కాంతిసాధనములును గల చిప్పును నిర్మించి, అది కాంతితో సంభాషింపగలదని చూపిరి.

అయినను ఆటంకములు కలవు. సిలికాను స్వయముగా కాంతినిచ్చుటలో మిక్కిలి అసమర్థము. కావున లేజరును ఇండియం ఫాస్ఫైడు వంటి వేరు పదార్థముతో చేయవలెను. చిప్పు వేడెక్కినచో సూక్ష్మమైన కాంతివలయముల శ్రుతి తప్పును. అన్నిటికి మించి, విద్యుత్తును కాంతిగా, కాంతిని విద్యుత్తుగా మార్చుటకు రెండు కొసలయందును సుంకము చెల్లింపవలెను. దూరము స్వల్పమైనచో ఆ సుంకము గిట్టుబాటు కాదు. 2024లో ఎన్విడియా సంస్థ యొకే బీరువాలోని 72 చిప్పులను సుమారు 5,000 రాగి తీగలతోనే కలిపెను. కాంతిని వాడకపోవుటచే 20 కిలోవాట్లు ఆదాయైనవని దాని యధిపతి జెన్‌సెన్ హువాంగ్ చెప్పెను. ఆ సంస్థయే 2025లో, బీరువాల నడుమ సంకేతములను పంచు స్విచ్చులలో చిప్పు ప్రక్కనే కాంతిసాధనముల నమర్చినట్లు ప్రకటించెను. దూరమునుబట్టి మార్గమని దీనివలన తెలియును.

కాటన్‌పేట యున్న నగరమునందే, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో, సిలికానుపై కాంతిని నడపు విద్యయందు పరిశోధన సాగుచున్నది. రాగి పూర్తిగా తొలగునా యని యడుగుట కంటె, కాంతి యెంత దగ్గరకు రాగలదని యడుగుట యుక్తము. రైలు ప్రతి యంగడి ముంగిటికి రానక్కరలేదు. స్టేషను చేరువైనకొలది మోయువాని భుజమునకు భారము తగ్గును.