బేరం షోరూములో.. భారం సరిహద్దులో

లగ్జరీ ఎస్‌యూవీ కొనాలన్నా, లీజుకు తీసుకోవాలన్నా ధర ఒక్కటే చూస్తే చాలదు
ఏ రాష్ట్రం నంబరు పడాలన్నదీ లెక్కలోకే వస్తుంది

బళ్లారి: తుంగభద్ర ఆయకట్టు కింద గంగావతి, సింధనూరు, కంప్లి, సిరుగుప్ప చుట్టుపక్కల తెలుగు క్యాంపులకు వెళితే ఇప్పుడు అరుగు ముందు ట్రాక్టరు పక్కనే మరో బండి కనిపిస్తుంది. ఎత్తుగా, వెడల్పుగా, ఊళ్లో సందు మలుపు తిరగాలంటే రెండుసార్లు వెనక్కీ ముందుకీ పోవాల్సినంత పెద్దది. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి నాట్లు వేసిన కుటుంబాల్లో మూడో తరం రైసుమిల్లులు, కాంట్రాక్టులు చేస్తోంది. బండి కొనడం తప్పేం కాదు. ఎంతకు కొన్నామో తెలియకుండా కొనడమే తప్పు.

ధాన్యం బేరంలో క్వింటాలుకు పది రూపాయల దగ్గర గంటసేపు కూర్చునే మనిషి, ఎనభై లక్షల బండి దగ్గర మాత్రం 'నెలకు కిస్తీ ఎంత?' అని ఒక్క మాట అడిగి సంతకం పెట్టేస్తున్నాడు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అని సామెత. ఈ బళ్ల విషయంలో మాత్రం అంకుశం దగ్గరే బేరమాడాలి. ఏనుగు ధర కంపెనీది. దాని మీద పన్ను ప్రభుత్వానిది. మిగిలినవన్నీ బేరానికి వచ్చేవే.

ధరలో ఏముంది?

ఎక్స్‌షోరూం ధర రూ.80 లక్షలు అనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, డీజిలు పెద్ద ఎస్‌యూవీల మీద 40 శాతం జీఎస్‌టీ. అంతకుముందు 28 శాతం జీఎస్‌టీ, 22 శాతం సెస్సు కలిపి 50 శాతం ఉండేది. ఇప్పటి రూ.80 లక్షల్లో దాదాపు రూ.22.86 లక్షలు జీఎస్‌టీయే. అసలు ధర మారకుంటే ఇదే బండి పాత పన్నుతో రూ.85.7 లక్షలు అయ్యేది. ఎవరైనా పాత కొటేషను చూపించి 'మీకోసం ఐదు లక్షలు తగ్గించాం' అంటే, తగ్గించింది ఆయన కాదు, పన్ను. ఎలక్ట్రిక్ బండికి జీఎస్‌టీ 5 శాతమే కాబట్టి ఆ లెక్క పూర్తిగా వేరు.

మిల్లు పేరున కొంటే జీఎస్‌టీ వెనక్కి వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. పదమూడు మందికి మించని సీట్లున్న ప్రయాణికుల బండికి ఆ క్రెడిట్ లేదు. బళ్లు అమ్మేవారికి, ప్రయాణికులను చేరవేసే వ్యాపారులకు, డ్రైవింగు స్కూళ్లకే మినహాయింపు. వ్యాపారానికి వాడితే ఆదాయపు పన్నులో తరుగుదల చూపుకోవచ్చు, అంతే.

పది లక్షలు దాటిన కారు మీద 1 శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. ఇది ఖర్చు కాదు, ముందుగా కట్టిన ఆదాయపు పన్ను. రూ.80 లక్షల మీద రూ.80 వేలు. పాన్ నంబరు సరిగా ఇచ్చి, రిటర్నులో మరిచిపోకుండా చూపించుకోవాలి.

నంబరు ప్లేటు మాయ

సరిహద్దులో ఉన్నవాళ్లకు మరో ఆశ ఉంటుంది. 'పక్క రాష్ట్రంలో అయితే తక్కువకు వస్తుంది అన్నా' అని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. 2017 జులై 1న జీఎస్‌టీ రాకముందు ఈ మాటలో కొంత నిజం ఉండేది. రాష్ట్రానికో రకం వ్యాట్ కాబట్టి షోరూం ధరే మారేది. ఇప్పుడు జీఎస్‌టీ దేశమంతా ఒక్కటే. తేడా అంతా రాష్ట్రం వేసే జీవితకాల పన్నులోనే.

ఆ తేడా ఎంతో చూద్దాం. కర్ణాటకలో రూ.20 లక్షలు దాటిన కారుకు 18 శాతం, ఆ పన్ను మీద మళ్లీ 11 శాతం సెస్సు. కలిపితే 19.98 శాతం. తమిళనాడులో 2023 నవంబరు నుంచి రూ.20 లక్షలు దాటితే 20 శాతం. అంటే బెంగళూరులో కొన్నా, హోసూరులో కొన్నా రూ.80 లక్షల బండికి దాదాపు రూ.16 లక్షలు కట్టాల్సిందే. పొలిమేర దాటి లాభం లేదు.

మహారాష్ట్రలో, అంటే షోలాపూరు, నాందేడు వైపు తెలుగువాళ్లకు, వ్యక్తి పేరున ఈ ధరలో పెట్రోలు బండికి 13 శాతం, డీజిలుకు 15 శాతం. 2025 జులై నుంచి గరిష్ఠ పరిమితి రూ.30 లక్షలు. కంపెనీ పేరున అయితే 20 శాతం. అక్కడి మగ్గాల షెడ్డు యజమాని బండిని సంస్థ పేరున రాయించే ముందు ఈ ఒక్క లెక్క చూసుకోవాలి.

యానాం సంగతి

పుదుచ్చేరి పన్ను తక్కువని ఎప్పటి నుంచో పేరు. గోదావరి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల యానాం ఆ ప్రాంతంలోనిదే. అక్కడి బళ్లకు పీవై-04 నంబరు. యానాంలో ఇల్లుండి, బండి అక్కడే నిలబెట్టుకునేవాళ్లకు ఆ నంబరు హక్కు. దాని గురించి ఎవరూ వేలెత్తి చూపలేరు. చిక్కంతా చిరునామా అద్దెకు తీసుకునేవారితోనే.

2017లో కేరళలో ఈ వ్యవహారం పెద్ద దుమారమైంది. సినీ ప్రముఖుల లగ్జరీ కార్లు పుదుచ్చేరి చిరునామాలతో రిజిస్టరు అయినట్టు బయటపడి పోలీసు కేసుల దాకా వెళ్లింది. కోటి దాటిన కారుకు కేరళలో సుమారు రూ.20 లక్షలు కట్టవలసిన చోట, పుదుచ్చేరిలో రెండు లక్షల లోపుతో సరిపెట్టారన్నది వివాదం. బెంగళూరులోనూ పొరుగు నంబర్ల లగ్జరీ కార్లను రవాణా అధికారులు ఆపి, పన్ను కట్టేదాకా వదలని సందర్భాలున్నాయి.

చట్టం సూటిగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం యజమాని నివాసం లేదా వ్యాపారం ఉండి, బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ రాష్ట్రంలోనే రిజిస్ట్రేషను. 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. పన్ను ఎప్పటి నుంచి అడగాలన్నది ఆయా రాష్ట్రాల పన్ను చట్టాల మీద ఉంటుంది. కాబట్టి ఏడాది దాకా ఎవరూ అడగరనే ధీమా పనికిరాదు. తప్పుడు అద్దె పత్రంతో మిగిలే డబ్బు, పట్టుబడిన రోజు పన్ను, జరిమానా, కేసు కలిపి వెళ్లిపోతుంది.

2021 సెప్టెంబరులో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరు మీద కూడా ఆశపడేవాళ్లున్నారు. అది ప్రభుత్వ, రక్షణ ఉద్యోగులకు, నాలుగు అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు. రెండేళ్లకోసారి పన్ను కట్టుకునే వీలుంది. బెంగళూరు కంపెనీలో పనిచేసే మన పిల్లలకు పనికొస్తుంది కానీ సొంత మిల్లు యజమానికి కాదు.

కిస్తీలో దాగిన ఐదు లక్షలు

బేరంలో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. రూ.50 లక్షలు ఐదేళ్లకు అప్పు. ఒకరు '7 శాతం ఫ్లాట్' అంటారు. మరొకరు '9 శాతం, తగ్గే అసలు మీద' అంటారు. చెవికి ఏడే చిన్నది. లెక్కకు కాదు. ఫ్లాట్ వడ్డీలో అసలు తీరుతున్నా మొదటి రోజు అప్పు మీదే వడ్డీ నడుస్తుంది. ఐదేళ్లకు రూ.17.5 లక్షలు. కిస్తీ నెలకు రూ.1,12,500. రెండో దానిలో కిస్తీ సుమారు రూ.1,03,800. మొత్తం వడ్డీ రూ.12.28 లక్షలు. తేడా ఐదు లక్షల పైమాటే. ఆ ఏడు శాతం ఫ్లాట్ అసలు రంగు దాదాపు 12.5 శాతం.

అందుకే షోరూము మెట్లెక్కే ముందే సొంత బ్యాంకులో ఒక రేటు రాయించుకుని వెళ్లాలి. చేతిలో ఆ కాగితం ఉంటే అటువైపు రేటు దానంతటదే దిగుతుంది. ముందే అప్పు తీర్చేస్తే ఎంత రుసుమో కూడా అప్పుడే అడగాలి. పంట డబ్బు, బిల్లుల డబ్బు ఒక్కసారి చేతికొచ్చేవాళ్లకు ఈ షరతు ముఖ్యం. ఈ ప్రాంతానికి మరో అనుభవమూ ఉంది. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనులు ఆపేసింది. రాబడి ఆగుతుంది, కిస్తీ ఆగదు. మంచి ఏడాది ఆదాయం చూసి కాదు, చెడ్డ ఏడాదిలో కట్టగలిగినంతే రాయించుకోవాలి.

బేరం ఎక్కడ ఆడాలి?

'ఆన్‌రోడ్డు ఇంత' అనే ఒక్క అంకె తీసుకోవద్దు. గీతకో ఖర్చు రాసి ఇవ్వమనాలి. జీఎస్‌టీ, లైఫ్‌ట్యాక్సు, టీసీఎస్ పక్కన పెడితే మిగిలిన ప్రతి గీత మీదా మాట్లాడవచ్చు.

మొదటిది తగ్గింపు. అది బిల్లులోనే కనబడాలి. బిల్లులో ధర తగ్గితే దాని మీద జీఎస్‌టీ, టీసీఎస్ కూడా తగ్గుతాయి. 'రెండు లక్షల సామాను ఫ్రీ' అంటే ఆ రెండు లక్షలు వాళ్లు వేసిన ధర.

రెండోది బీమా. షోరూము చెప్పిన కంపెనీలోనే తీసుకోవాలనే నిబంధన లేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సొంత నష్టం బీమాను నచ్చిన చోట పోల్చి కొనుక్కోవచ్చు. జీరో డిప్రిసియేషను, ఇంజిన్ రక్షణ ఉన్నాయో లేదో చూడాలి. వాగులో నీళ్లు ఇంజిన్‌లోకి పోతే మామూలు పాలసీ చేతులెత్తేసే ప్రమాదం ఉంది.

మూడోది 'హ్యాండ్లింగ్ చార్జీ'. ఏ నిబంధన కింద అని మర్యాదగా అడిగితే చాలు, చాలాచోట్ల ఆ గీత చెరిగిపోతుంది.

నాలుగోది తయారీ నెల. ఏడాది చివర మంచి తగ్గింపు ఇస్తారు. జనవరిలో పోయిన ఏడాది బండి ఇంకా గట్టి తగ్గింపుతో వస్తుంది. కానీ మళ్లీ అమ్మేటప్పుడు అది ఒక ఏడాది పాతదే. ఆ నష్టానికి సరిపడా తగ్గించారా అన్నదే ప్రశ్న. డబ్బు కట్టకముందే చాసిస్ నంబరు, తయారీ నెల రాయించుకోవాలి.

ఐదోది సర్వీసు. బళ్లారి నుంచి బెంగళూరు 300 కిలోమీటర్ల పైనే. కంపెనీ వర్క్‌షాపు అక్కడుంటే బండి ఆగిన ప్రతిసారీ ప్రయాణమే. ఫ్లోర్‌మ్యాట్ల బదులు పొడిగించిన వారంటీ, సర్వీసు ప్యాకేజీ, ఇంటి దగ్గర నుంచి బండి తీసుకెళ్లే సౌకర్యం అడగండి. స్టెప్నీ ఉందో లేదో చూడండి. ఖనిజం లారీలు తిరిగే రోడ్డు మీద రన్‌ఫ్లాట్ టైరు పోతే చిన్న ఊళ్లో దొరకదు.

బెంగళూరులో ఒక కొటేషను, హైదరాబాదులో ఒకటి తీసుకోవడం సరిహద్దు వాళ్లకున్న సౌలభ్యం. తాత్కాలిక రిజిస్ట్రేషనుతో తెచ్చుకుని సొంత రాష్ట్రంలో పన్ను కట్టుకోవచ్చు. కొందరు డీలర్లు తమ పరిధి దాటి అమ్మరు కాబట్టి ముందే అడగాలి.

లీజు అయితే..

'నెలకు ఇంత' అని ఒక్క ముక్కలో చెబుతారు. దాన్ని మూడు ముక్కలుగా విప్పించాలి. బండి ధర ఎంత వేశారు? గడువు చివర దాని విలువ ఎంత అనుకున్నారు? మధ్యలో వడ్డీ ఎంత? చివరి విలువ తక్కువ వేస్తే నెల అద్దె పెరుగుతుంది. అద్దె మీద జీఎస్‌టీ కూడా బండికి పడే రేటులోనే ఉంటుంది.

కిలోమీటర్ల పరిమితి మరో మెలిక. నెలకు రెండుసార్లు బళ్లారి నుంచి బెంగళూరు వెళ్లి వస్తే ఏడాదికి 14,400 కిలోమీటర్లు అక్కడే అయిపోతాయి. పరిమితి 15 వేలయితే పొలానికి వెళ్లేందుకు మిగిలేది 600. పైబడిన ప్రతి కిలోమీటరుకూ డబ్బే. గీతలు, సొట్టల లెక్క, మధ్యలో వదిలేస్తే పడే రుసుము, నంబరు ఏ రాష్ట్రానిది అన్నవి కూడా ఒప్పందంలో చదవాలి. మూడు నాలుగేళ్లకోసారి బండి మార్చే అలవాటున్నవాళ్లకు లీజు సరిపోవచ్చు. పదేళ్లు వాడే ఇంటికి సొంతమే నయం.

పాతది కొంటుంటే..

2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఉత్తర్వులతో ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బళ్లకు గడ్డుకాలం వచ్చింది. అక్కడి ఎస్‌యూవీలు చౌకగా దక్షిణాదికి దిగాయి. చౌక చూసి కొన్నాక ఎన్‌వోసీ, కొత్త నంబరు, ఇక్కడి పన్ను కలిపితే చౌకతనం ఏమూలకూ మిగలదు. ఫారం-28 ఎన్‌వోసీ, అప్పు తీరినట్టు ఫారం-35, చలానాల వివరాలు చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వాలి.

సంతకానికి ముందు

* ఆన్‌రోడ్డు ధర గీతగీతకూ విడదీసి, సంతకంతో తీసుకోండి.
* రెండు ఊళ్ల కొటేషన్లు, సొంత బ్యాంకు వడ్డీ రేటు చేతిలో ఉంచుకోండి.
* కిస్తీ కాదు, ఐదేళ్లకు మొత్తం ఎంత కడుతున్నారో కూడండి.
* తగ్గింపు బిల్లులో ఉందో లేదో చూడండి. నోటిమాట నీటిమూట.
* బండి ఎక్కడ నిద్రపోతుందో అక్కడి నంబరే వేయించండి.
* 'ఈ నెలాఖరు దాకానే ఆఫరు సార్' అంటే కంగారు పడొద్దు. వచ్చే నెలకూ ఆఖరు ఉంటుంది.